పచ్చగా మారిన బెల్టు

ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను నెట్‌వర్క్ ఇంజనీరుగా చేరిన తొలి ఏడాది జరిగిన సంఘటన ఇది. ఏ యంత్రానికి నెట్‌వర్కుతో సంబంధం తెగినా, తిరిగి కలిసినా నా కంప్యూటరు తెరపై వెంటనే సందేశం వస్తుంది. తెగితే ఎరుపు, కలిస్తే పచ్చ.

ఆ మధ్యాహ్నం సున్నపురాయిని మోసే బెల్టు మరమ్మతు కోసం దాన్ని నడిపే ప్యానెలుకు కరెంటు తీసేశారు. ఫిట్టరు దావీదన్న బెల్టు కిందికి దూరాడు. పని ముగిసేవరకు ఆ ప్యానెలు నా తెరపై ఎర్రగానే ఉండాలి. అది హఠాత్తుగా పచ్చగా మారింది.

"సార్, బెల్టు ప్యానెలుకు కరెంటు వచ్చింది. దావీదన్న బయటికొచ్చినాడా?" అని కంట్రోల్ రూములో నా పక్కనే కూర్చున్న షిఫ్టు ఇన్‌చార్జిని అడిగాను.

"పచ్చగ వస్తే మంచిదే కదమ్మా. నీ వైర్లు నువ్వు చూసుకో పో. బెల్టుతో నీకేం పని?" అన్నాడాయన, టీ గ్లాసు దించకుండానే.

అంతలో బెల్టు కదలబోయే ముందు మోగే సైరన్ వినిపించింది. అనుమతి కోసం ఆగకుండా గోడకున్న ఎర్ర బటన్ నొక్కి బెల్టు లైను మొత్తం ఆపేశాను.

"ఎవర్ని అడిగి నొక్కినావు? ఉద్యోగం చేయాలని లేదా?"

"మనిషి బయటికి రానీండి సార్. అంతవరకు ఈ బటన్ మీద చెయ్యి తీయను."

కాసేపటికి దావీదన్న ఒళ్లంతా దుమ్ముతో వచ్చాడు. "నేనింకా కిందనే ఉంటినమ్మా. సైరన్ మోగితే పాణం పోయినట్లాయ," అన్నాడు.

అయినా లైను ఆపినందుకు ఇన్‌చార్జి నన్నే సంజాయిషీ అడిగాడు. తెర చూడడం నా ఉద్యోగమైతే, చూసినదానికి బాధ్యత వహించడమూ నా ఉద్యోగమే.

"మళ్లీ అట్లా పచ్చబడితే మళ్లీ నొక్కుతాను సార్," అన్నాను. ఈనాటికీ నా సంజాయిషీ అదే.