సగం మీసం పోయిన నేవీ ఆఫీసరు

మావాళ్లు పెళ్లికొడుకు ఇల్లు చూడటానికి విశాఖపట్నం నుంచి ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడు, మా అత్తయ్య చాయ్ కంటే ముందు చూపించింది గోడ మీది ఫొటోని. మీది సముద్రం ఊరంట కదా, మా బాపు సుత నేవీల ఆఫీసరే అన్నారట. మా నాన్న ఓడరేవులో జీవితమంతా గడిపిన మనిషి. ఆ ఫొటో వైపు ఒకసారి చూసి, నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నారు.

నవ్వరా మరి! తెల్లకోటు, తెల్లటోపీ, టోపీ మీద లంగరు, అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ కోటులో ఇంకో మనిషి కూడా హాయిగా కాపురం పెట్టొచ్చు. ఒక చేతికి మూడు పట్టీలు, రెండో చేతికి రెండు. వెనక తెర మీద ఓడ, ఓడ పక్కన నెమలి. సముద్రంలో నెమలేమిటని కొత్తలో అడిగితే, అది నేవీ నెమలి, నీకు తెల్వదు అన్నారు మా ఆయన. మీసం మాత్రం దిట్టంగా ఉండేది. కళ్లు కెమెరాను కాక పక్కకు, కొంచెం కిందకు చూస్తూ నవ్వేవి. ఆయన సముద్రాన్ని చూస్తున్నాడని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం.

నేను పెరిగిన వీధిలో నేవీ కోట్లు తీగల మీద ఆరుతుండేవి. అందుకని ఇది అద్దె కోటు అని నాకు మొదటిరోజే తెలిసిపోయింది. అయినా నోరు మెదపలేదు. మా అత్తయ్యకు ఈ లోకంలో తండ్రి అంటే ఆ పటమే. ఆవిడ పాకే వయసులో ఆయన బొంబాయి పోయాడు. ఓడల మీద పని దొరికిందని ఒకసారి కబురొచ్చింది, ఆ తర్వాత మనిషీ లేడు, కబురూ లేదు. ఆ మరుసటి ఏడే తల్లి జ్వరంతో పోయింది. మేనమామ పెంచాడు. తల్లిది ఒక్క ఫొటో కూడా లేదు. మా అవ్వ మొకం నాకు యాదికి లేదు అని ఎప్పుడైనా అనేవారు. ఇక్కడి పాతవాళ్లకు అవ్వ అంటే అమ్మ.

ఆ ఉన్న ఒక్క తండ్రితో రోజూ పొద్దున్నే పంచాయితీ. అద్దం తుడిచి, నుదుటి మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టి, ఇక మొదలుపెట్టేవారు. పోయినోనివి పోయినవ్, ఒక్క కార్డు ముక్క రాయొద్దా అనేది మొదటి మాట. పాలల్లో నీళ్ల దగ్గర నుంచి కోడలి వంట దాకా మిగతావన్నీ ఆ తర్వాత. నా సాంబారు మీద ఫిర్యాదులు నేను ఆ ఫొటో ద్వారానే వినేదాన్ని.

ఈమధ్య బొంగులూరు దగ్గర వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాం. అత్తయ్య షరతు ఒకటే, హాల్లో మొదటి మేకు బాపుది. పాత ఫ్రేమును చెదలు తినేశాయి కాబట్టి కొత్తది కట్టించడానికి మెయిన్‌రోడ్డు మీద ఉన్న షాపుకు నేనే తీసుకెళ్లాను.

షాపాయన అద్దం ఊడదీశాడు. ఇన్నేళ్లూ పెట్టిన బొట్టు అద్దం మీదే కదా, ఆ ఎర్రటి మచ్చ అద్దంతో పాటే వచ్చేసింది. దాని కింద నుదుటి మీద ఒక నిలువు గీత, ఒక చుక్క. పచ్చబొట్టు! అత్తయ్య తరం ఆడవాళ్ల నుదుళ్ల మీద నేను రోజూ చూసేదే. గబగబా చెవి చూశాను. అంచు పొడుగునా వరసగా కుట్టిన రంధ్రాలు, ఆడవాళ్లు గంటీలు పెట్టుకునే చెవి. నేను నోరు తెరిచేలోపే ఆయన తడి దూదితో దుమ్ము తుడిచాడు. దూదితో పాటు సగం మీసం వచ్చేసింది.

"నా తప్పేం లేదక్కా, ఇది కాటుక" అన్నాడు.

మీసం పోయినచోట లేత పెదవి కనబడింది. నిండా ఇరవై ఏళ్లుండవు ఆ పిల్లకి.

నా నోట్లో నువ్వుగింజ నానదని పుట్టింట్లో పేరు. అలాంటిదాన్ని ఆ పటం తువ్వాలులో చుట్టి బీరువాలో దాచేశాను. మా ఆయనకు చెబితే, మీసమే గదా, నేను గీస్త అని స్కెచ్ పెన్ను తెచ్చారు మహానుభావుడు. డెబ్బై ఏళ్ల మనిషి దగ్గర నుంచి ఉన్న ఒక్క తండ్రినీ లాక్కోవడానికి నేనెవర్ని? కానీ రేపటి నుంచి ఎవరో ఆడపిల్లకు బొట్టు పెట్టి ఆవిడ మొర పెట్టుకుంటుంటే, చూస్తూ చాయ్ ఎలా తాగను? నాకు మా ఆయన మీద ఒళ్లు మండింది. పెన్ను లాక్కుని అవతల పారేశాను.

మర్నాడు పటం ఆవిడ ముందు పెట్టి, ఇది మీ నాన్నగారు కాదత్తయ్యా, ఎవరో ఆడమనిషి అని ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఆవిడ పటాన్ని దగ్గరికి తీసుకుని, "మరి ఎవరు?" అన్నారు. ఆ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. ఎందుకు చెప్పానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. అంతలో ఆవిడే లేచి చెప్పులేసుకుని, రావిర్యాలకు పోదాం నడువ్ అన్నారు.

రావిర్యాలలో ఉండేది వాళ్ల చిన్నమ్మ, అంటే తల్లికి చెల్లెలు. ఎనభై దాటిన ఆవిడ పటం చూస్తూనే బోసినోటితో నవ్వడం మొదలుపెట్టి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. అక్కాచెల్లెళ్లు జాతరకు పోయారట. ఫొటోల డేరాలో పోలీసు కోటు, దొర కోటు, నేవీ కోటు వేలాడుతుంటే, దమ్ముంటే తొడుక్కో అని చెల్లెలు పందెం కట్టింది. అక్క చీర మీదే నేవీ కోటు తొడుక్కుని, కొప్పు టోపీలోకి దోపి కూర్చుంది. ఇంటికొచ్చాక వాళ్ల అన్న, అదే అత్తయ్యను పెంచిన మేనమామ, చూసి, ఆడది మొగోని బట్టలేసుకుంటే నలుగురూ నవ్వరా అని ఫొటో చింపబోయాడు. చెల్లెలు అడ్డం పడితే కాటుకతో మీసం దిద్ది, ఎవరడిగినా ఓడల మీదికి పోయిన బావ అని చెప్పమన్నాడు. అక్క పోయాక, బాపు ఏడీ అని పిల్ల ఏడిస్తే ఆ పటమే చూపించారు. ఏడుపు ఆగింది. ఆగిన ఏడుపును మళ్ల ఎవరు లేపుతరు, అంది చిన్నమ్మ.

అత్తయ్య వేలితో ఆ పచ్చబొట్టును తడిమారు.

"గప్పుడు నేనెక్కడున్న చిన్నమ్మా?"

"నా సంకల. ఫొటోలాయన పక్కకే నిలవడ్డ. టోపీ పెట్టుకున్న అవ్వను నువ్వు గుర్తువట్టక ఒక్కటే ఏడుపు. గా నవ్వు నిన్ను ఊకుంచనీకే."

అత్తయ్య పటాన్ని గుండెకు హత్తుకుని, అవ్వా అని పెద్దగా ఏడ్చారు. ఆ పిలుపు ఆవిడ నోట నేను ఎన్నడూ వినలేదు. నేనూ ఆగలేకపోయాను.

తిరుగు దారిలో, ఇన్నేండ్లు మా అవ్వను తిట్టిన గద బిడ్డా అని కుమిలిపోయారు. తిట్టింది ఆవిణ్ని వదిలేసి పోయిన మొగుణ్ని కదండి, ఆవిడ ఇంకో నాలుగు తిట్టమనే ఉంటుంది అన్నాను. ఏడుస్తూనే ఫక్కున నవ్వేశారు.

షాపులో మిగతా సగం మీసం కూడా తుడిపించాం. గృహప్రవేశం నాడు మొదటి మేకు ఆ పటానిదే. బొట్టు మాత్రం పచ్చబొట్టు కనబడాలని ఫ్రేము చెక్క మీద పెట్టారు. ఈ ఆఫీసరు ఎవరని చుట్టాలు అడిగితే, మా అవ్వ అని చెప్పి వాళ్ల మొహాలు చూసి ముచ్చటపడ్డారు. సందడి తగ్గాక కుర్చీ లాక్కుని పటానికి ఎదురుగా కాక ఒక పక్కకు వేసుకున్నారు. నేను ప్రసాదం పళ్లెంతో వెళ్లి ముందు నిలబడ్డాను.

"జర జరుగు బిడ్డా. అవ్వ నన్ను చూస్తున్నది."