నాన్న ఒప్పుకున్న గీత

మా చిన్నప్పుడు రియాద్‌లో వాన సెలవులు ఉండేవి కావు... దుమ్ము సెలవులు ఉండేవి. తెల్లవారేసరికి ఆకాశం ఇటుక రంగుకు తిరిగేది. బడి నుంచి కబురు వచ్చేది... ఇక ఆ రోజంతా మాదే.

నాకు పదేళ్లప్పటి అలాంటి రోజు ఇది. అమ్మ నర్సు... ఆమెకు దుమ్ము సెలవు వర్తించదు. అందుకని నాన్న నన్ను ఊరి చివర సులై పేటలోని గోదాము ఆఫీసుకు వెంట తీసుకెళ్లాడు. అక్కడి కంప్యూటర్ల బాగోగులన్నీ ఆయనవే. దుమ్ము లేచిన రోజున మొదటి పని, మేనేజరుగారి లాప్‌టాప్ తెర తుడవడం. అందరూ ఆయనను ముదీర్ అనేవారు.

"కంపెనీ లాప్‌టాప్‌ను పసిపిల్ల లెక్క తుడుస్తవ్... ఇంట్ల ఫ్యాన్ తుడువుమంటె నడుము నొస్తది!" అని అమ్మ దెప్పేది.

నాన్న తుడవడానికి ఒక శాస్త్రం ఉండేది. ముందు ఆపి, చల్లారనివ్వాలి. రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తని కుంచెతో ఇసుక రాల్చాలి. ఆ తర్వాతే గుడ్డ... అదీ కళ్లజోడు పెట్టెలో వచ్చే మెత్తటి గుడ్డ. తెలిసినవాళ్లందరినీ అడిగి వాటిని పోగుచేసేవాడు. తడిపీ తడపనట్టు తడిపి, పైనుంచి కిందికి... గుడ్డ బరువే చాలు.

"గట్టిగ రుద్దకు బిడ్డా. గుడ్డ గీరది... దాని కింద చిక్కిన ఇసుక గీరుతది."

ఆ వారం మా ఇంట్లో అందరి ప్రాణాలూ ఒక్క ఆమోదం మీదే వేలాడుతున్నాయి. ఊళ్లో చిన్నమ్మ పెళ్లికి పది రోజులే ఉన్నాయి. ముదీర్ సరేనంటేనే మాకు ఎగ్జిట్ రీ-ఎంట్రీ... అంటే దేశం దాటి మళ్లీ తిరిగి రావడానికి అనుమతి.

నాన్న లాప్‌టాప్ ఆపి, గుడ్డ తడిపి తేవడానికి వెళ్లాడు. నేను మూల కుర్చీలో కూర్చున్నాను. అంతలో ముదీర్ వచ్చాడు. తెర మీది దుమ్ము చూసి విసుక్కున్నాడు. తల మీది ఎర్ర గళ్ల గుడ్డ కొస అందుకుని, ఆ ఇసుక మీదే అటూ ఇటూ గట్టిగా రుద్దాడు.

తెర నడుమ వెంట్రుకంత తెల్లని గీత... ఆయన చూశాడు. నేనూ చూశాను.

నాన్న తడిగుడ్డతో లోపలికి వచ్చాడు.

"మీన్ సవ్వా హాదా?" ఎవరు చేశారిది అని ముదీర్ గద్దించాడు.

"నాన్నా, ఆయనే..." అన్నాను.

"సప్పుడు జెయ్యకు బిడ్డా." నాన్న నా వైపు తిరగనైనా లేదు. "అనా గల్తాన్, సర్." తప్పు నాదే, సర్.

అసలు అవమానం ఆ తర్వాత జరిగింది... ముదీర్ క్షమించాడు! "మాలేష్" అన్నాడు, పరవాలేదులే అన్నట్టు చేయి ఊపుతూ. నాన్న కృతజ్ఞతలు చెప్పాడు. ఆ మధ్యాహ్నమే ఆమోదం వచ్చింది.

కారులో అడిగాను, ఎందుకలా చెప్పావని.

"పెండ్లికి పోవద్దా మరి? నీ మాట గెలిస్తె ఆమోదం వస్తదా?"

పెళ్లి ఫొటోల్లో అందరం నవ్వుతూనే ఉన్నాం... ఆ తర్వాత కాలేజీ చర్చావేదికల మీద ఎందరి వాదనలనో తునకలు చేశాను. నాన్న అడిగిన ఆ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఈనాటికీ ఓడిపోతూనే ఉన్నాను.

'సర్దుకుపోవడం సంస్కారం' అని కింద వ్యాఖ్య రాయబోయే పెద్దలకు ముందే ఒక మాట. అది సంస్కారమే అయితే, ముదీర్‌కు ఎందుకు అక్కర్లేకపోయింది?

ఇప్పుడు వాన సెలవులున్న ఊళ్లో, హాస్టల్ గదిలో నా లాప్‌టాప్‌ను నాన్న చెప్పినట్టే తుడుచుకుంటాను... ఒక్క గీత లేదు. రియాద్‌లో ఇప్పుడన్నీ మారాయంటారు, అనుమతులు ఫోన్‌లోనే వస్తాయంటారు. నాన్న మాత్రం, అవతలివాడు గొంతు పెంచితే చాలు, సంగతేమిటో తెలియకముందే "సారీ సర్" అంటాడు.

మీ ఇంట్లోనూ చేయని తప్పు ఒప్పుకున్న నాన్న ఉన్నాడా? నిజం తెలిసీ మీరు నోరు మూసుకున్న ఆ మూల కుర్చీ గుర్తుందా? రాయండి... ఇక్కడ ఎవరి ఆమోదమూ అక్కర్లేదు.