ఎడమవైపు చిరుగు

మా గదిలోవాళ్లకూ, సెలవు మీద ఊరెళ్లినప్పుడు బంధువులకూ నేనొక కథ చెప్పేవాణ్ణి. ఒక పెద్దాయన చిరిగిన కోటు ఇచ్చి, అసలు సంగతి చెప్పడం మరిచిపోయాడనీ, నేను మంచి చేయబోతే చెడు ఎదురైందనీ. అందరూ నవ్వేవారు. ఆ మరిచిపోవడం అన్నది అబద్ధం. ఆయన నాపట్ల చూపిన మంచితనం ముందు ఈ నిజం చెప్పడం చాలా చిన్న పని. అయినా చెప్పాలి.

బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో, ఒక చిన్న కుట్టు దుకాణంలో నేను దర్జీని. ఇక్కడ దర్జీని మాస్టర్ అంటారు. మా దగ్గర ఇస్త్రీ చేసేది జగిత్యాల వైపు మనిషి. నాకంటే పెద్ద, అన్నా అని పిలుస్తాను. కోటు తెచ్చిన పెద్దాయన బహ్రెయిన్‌లోనే పుట్టి పెరిగిన యూదుడు. ఈ దేశంలో వాళ్లు చాలా కొద్దిమంది. పాతకాలపు బహ్రెయినీల్లో చాలామందిలాగే ఆయనకూ హిందీ బాగా వచ్చు.

బూడిద రంగు ఉన్ని కోటు. ఎడమవైపు, కాలరు మడత దగ్గర బెత్తెడు చిరుగు.

"మా అమ్మ పోయి నెల దాటింది, మాస్టర్. దీన్ని మూసెయ్యొద్దు. వేలాడకుండా పెద్ద పెద్ద టాకాలు వెయ్యి, చాలు. చిరుగు కనబడాలి" అన్నారు. చిరుగు మీద వేలు పెట్టి మళ్లీ అన్నారు: "మూసెయ్యొద్దు. సమఝా?"

"జీ సాబ్" అన్నాను.

చిరుగు ఆనవాలు లేకుండా పోగులతో నేసే రఫ్ఫు పనిలో నాకు గర్వం ఎక్కువ. మంచి ఉన్నిలో చిరుగు చూస్తే నా చేతులు ఊరుకోవు. పైగా చిరిగిన బట్ట తొడుక్కుంటే అరిష్టమని విని పెరిగినవాణ్ణి. దుఃఖంలో ఏదో అన్నారులే, చూస్తే సంతోషిస్తారులే అనుకున్నాను. కోటు లోపలి మడత నుంచి పోగులు లాగి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని, పోగు పోగు నేసినట్టు కుట్టాను.

"తమ్మీ, ఆయన మూయద్దన్నడు గద?" అన్నాడు ఇస్త్రీ అన్న.

"సూస్తే ఖుషైతడన్నా."

"ఖుషైతడో, కోటు తీసి నీ మొఖాన కొడ్తడో."

పెద్దాయన వచ్చి కాలరు మడత మీద బొటనవేలితో పైనుంచి కిందికి రాశారు. తిప్పి చూశారు. తలుపు దగ్గరికెళ్లి వెలుతురులో పట్టుకున్నారు.

"ఎక్కడుంది?"

"ఖలాస్, సాబ్. ఇక కనబడదు" అన్నాను గొప్పగా.

ఆయన అరవలేదు. నెమ్మదిగా చెప్పారు. అమ్మగానీ నాన్నగానీ పోతే వాళ్లు నిలబడి, గుండె వైపు బట్టను తమ చేతులతో చింపుకుంటారట. అన్నదమ్ములో భార్యో పోయినప్పుడు చింపుకున్నదాన్ని నెల తర్వాత మళ్లీ మామూలుగా కుట్టించుకోవచ్చు. తల్లిదండ్రుల కోసం చింపింది మాత్రం ఎప్పటికీ సరిగ్గా కుట్టకూడదు. నెల దాటాక టాకాలు వేసుకోవచ్చు, అంతే.

"మీవాళ్లు గుండు చేయించుకుంటారు కదా? జుట్టు మళ్లీ వస్తుంది. ఇది అలా కాదు" అన్నారు. తర్వాత నా ముఖంలోకి చూసి, "నేను నీకు చెప్పలేదా?" అని అడిగారు.

"లేదు సాబ్" అన్నాను.

వెనక ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది.

"చెప్పాననే అనుకున్నా. మా అమ్మకూ మతిమరుపు ఇలాగే మొదలైంది" అన్నారాయన. ఆ మాట విని కూడా నేను నోరు విప్పలేదు.

కుట్టు విప్పమన్నారు. స్టూలు వేస్తే కూర్చోలేదు. నేను సూదిమొనతో ఒక్కో పోగూ తీస్తుంటే చివరి పోగు వచ్చేదాకా అలాగే నిలబడ్డారు. మొదట చెప్పినట్టే టాకాలు వేసి ఇచ్చాను. నా భుజం తట్టి, "తప్పు నాదే, మాస్టర్" అని వెళ్లిపోయారు.

"తప్పు ఆయన్దా, తమ్మీ?" అన్నాడు అన్న. అంతకుమించి ఏమీ అనలేదు, ఎవరికీ చెప్పలేదు. దానికి ఆయనకూ నా దండం.

ఏడాది కావస్తుండగా పెద్దాయన ఒక ప్యాంటు పొడవు తగ్గించమని వచ్చారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, నాతో చెప్పబోయేది ముందు అందులో రాసుకున్నారు. "ఆ కోటు రోజు నుంచీ అన్నీ రాసుకుంటున్నా" అన్నారు.

నేను కొలత టేపు పక్కన పెట్టేశాను.

"సాబ్, ఆ రోజు మీరు చెప్పారు. రెండుసార్లు చెప్పారు, వేలు పెట్టి చూపించారు. నేను అబద్ధమాడాను."

"రెండుసార్లా?"

"రెండుసార్లు."

"వేలు పెట్టి?"

"నేను గూడ విన్న, సాబ్" అన్నాడు అన్న, వచ్చీరాని హిందీలో.

ఈసారి ఆయన స్టూలు మీద కూలబడ్డారు. తిడతారనుకుని తల వంచుకున్నాను. నవ్వు వినబడింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

"ఓరి గాడిదా! తాళంచెవి కనబడకపోతే చాలు, అమ్మ జబ్బు నాకూ వచ్చిందని ఏడాదిగా వణికి చస్తున్నా!"

ఏడాదిపాటు ఒక మనిషిని అలా భయపెట్టినవాణ్ణి నేను. ఆయన నన్ను ఒక్క తిట్టుతో వదిలేసి, టీ తెప్పించమన్నారు. ముగ్గురం తాగాం. ఇప్పటికీ ఆయన ఇంట్లో బట్టలన్నీ నా దగ్గరికే వస్తాయి. ఇంత నమ్మకానికి నేను తగనని తెలుసు. అందుకే వచ్చిన ప్రతి బట్టనూ ఆయన చెప్పినట్టే కుడతాను.

ఆ రోజు టీ అయ్యాక ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకుని, ప్యాంటు నా ఒళ్లో వేశారు.

"రెండు వేళ్లు తగ్గించు. ఒక్కసారే చెబుతున్నా."