దున్నకుండా ఆపిన చేను

మా మేనత్త పోయిందని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. గద్వాల దవాఖానాలో, నిద్రలోనే. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తున్నాను, చించుతున్నాను. మంచి మాటలు చాలానే ఉన్నాయి. అవి రాసే మొహం నాకుందా అన్నదే తేలడం లేదు.

అమ్మ లేని నన్ను పెంచింది ఆమే. జొన్నరొట్టెకు వెన్న రాసి నాకు పెట్టి, తాను ఉల్లిగడ్డతో తినేది. నేను విత్తనాల దుకాణం తెరిస్తే మొదటి గిరాకీ ఆమెదే. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు, బస్తాల మీదే. "కుర్చీ గిరాకోళ్లకెయ్యి, నేను నీ మనిషిని" అనేది. తర్వాత నేను మండల ప్రెసిడెంటునైతే ఊరంతా మిఠాయి పంచింది. మరి దుకాణం సంగతేందని అడిగిందీ ఆమె ఒక్కతే. రెండూ నడుస్తాయని చెప్పాను. నడిచాయి, నడవకేం! మన ప్రెసిడెంటే కదా అని జనం నా దగ్గరే కొన్నారు. బిల్లు ఎవరూ అడగలేదు, నేనూ రాయలేదు. అత్తయితే "అల్లుని తాన బిల్లేంది?" అని నవ్వింది.

ఆ ఏడు నేనమ్మిన పత్తి నిలువెత్తు పెరిగింది. కాయ మాత్రం పట్టలేదు.

విత్తనాల మీద ఫిర్యాదులు చూసే మండల కమిటీకి పెద్దను నేనే. ఫిర్యాదు నా సరుకు మీద, ఇవ్వాల్సింది నా చేతికి. రైతులిచ్చిన కాగితం తీసుకుని చూద్దామన్నాను. వ్యవసాయాధికారి వచ్చి చేను చూడాలంటే నేను తేదీ ఇవ్వాలి. ఒకనాడు మీటింగన్నాను, ఇంకోనాడు హైదరాబాద్ అన్నాను. యాసంగి పంట అదును దగ్గరపడితే వాళ్లే దున్నుకుంటారు, చేనే లేకపోతే చూడ్డానికి ఏముంటుంది? ఛీ, ఎంత తెలివి! అనుకున్నట్టే ఒక్కొక్కరూ దున్ని వేరుశనగ వేసుకున్నారు. అత్త ఒక్కతే నాగలి కట్టనివ్వలేదు.

"యాసంగి పోతది అత్తా, దున్నించు" అన్నాను, ఆమె మీద ప్రేమతోనే అన్నట్టు.

"పోనీ. అందరికీ గదే ఇత్తనమిచ్చినవు. నా ఒక్క చేను నిలవడితే అందరి మాట నిలవడ్తది. నీ మీద కోపం కాదు కొడుకా. ఆ కుర్చీల నువ్వు కూసుంటే వాళ్లెవరికి చెప్పుకోవాలె?"

నాకు మండింది. పదిహేను రోజులు ఆమె గడప తొక్కలేదు. ఆమె మాత్రం రొట్టెలు పంపడం మానలేదు. చివరికి తేదీ ఇచ్చాను.

అధికారి చేను చుట్టూ తిరిగాడు. చూరులో దాచిన ఖాళీ విత్తన ప్యాకెట్లు అత్త తెచ్చిచ్చింది. రైతులు గట్టు మీద నిలబడ్డారు.

"అమ్మింది ఎవరమ్మా? బిల్లుందా?"

"బిల్లు లేదు సారు. అమ్మినోడు ఈడనే ఉన్నడు. ఆయనే చెప్తడు."

అధికారికి తెలియక కాదు. పెన్ను ఆపి నా మొహం చూశాడు. "ఏం రాయమంటరు ప్రెసిడెంట్ సార్?"

గట్టు మీది రైతుల వైపు ఒకసారి చూశాను. "నేనే అమ్మిన. రాయుండ్రి. కమిటీల నా పేరు కొట్టేయుండ్రి" అన్నాను.

దున్నుకున్న రైతులకు కూడా తర్వాత పరిహారం వచ్చింది ఆ ఒక్క చేను చూసి రాసిన కాగితంతోనే. ఆమె యాసంగి మాత్రం పోయింది. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది అదే. క్షమించమని అడుగుదామని ఎన్నిసార్లు వెళ్లానో, అడగకుండానే ఎన్నిసార్లు తిరిగొచ్చానో.

ఆ రోజు అధికారి జీపు కదిలాక అత్త చేన్లోకి దిగింది. కొంగు నడుముకు బిగించి, వంగి పత్తికట్టె పీకడం మొదలుపెట్టింది. నేను చెప్పులు విడిచి పక్క సాలులోకి దిగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. సాలు చివరిదాకా ఇద్దరం పీకుతూ పోయాం. అక్కడ అత్త నడుమెత్తి, నా వైపు చూడకుండానే అంది.

"గా పక్క సాలు గూడ నువ్వే పట్టు."