ఫోనుకు చెప్పిన కొలతలు

రాష్ట్రం వచ్చిన తొలినాళ్లలో నల్లగొండలో అన్నీ కొత్తవే. ఆఫీసుల బోర్డులు కొత్తవి, జిల్లాల పేర్లు కొత్తవి. నా కుట్టు మిషనూ, నేనూ మాత్రమే పాత సరుకు. నాకు అప్పటికే అరవై దాటాయి. అయినా ఫోను దగ్గర నాది పసితనమే కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే చదువుకోండి. నేను బడి మొహం చూడలేదు. చిన్నప్పుడు పనిచేసిన బట్టల దుకాణంలో పొట్లాలు కట్టే పాత పేపర్లే నాకు పంతుళ్లు. అట్లా నేర్చిన చదువుతో ఎవరు రాసిందైనా చదవగలను. నేను రాసింది మాత్రం నేను కూడా చదవలేను. అందుకే టైలరింగ్ దుకాణం పెట్టిననాటి నుంచీ టేపు నాది, చీటీ మా ఆమెది. నేను కొలత చెప్తే ఆమె రాసి, గుడ్డకు గుండుసూదితో గుచ్చేది. వెనక గదిలో కుట్టుపని చేసే కారిగర్ ఆ చీటీ చూసి కత్తెర పట్టేవాడు.

హైదరాబాదులో పనిచేసే మా పెద్దోడు ఒక ఆదివారం వచ్చి, నా చేతిలో ఫోను పెట్టాడు. “బాపూ, ఇగ చీటీలు బంద్. గీ మైకు గుర్తు ఒత్తి నోటితోని చెప్పు, అదే రాసుకుంటది. సీదా కారిగర్ ఫోన్లకు పోతది” అన్నాడు. “మరి నేనేం జెయ్యాలెరా?” అంది మా ఆమె. “నువ్వు జర ఆరామ్‌గ కూసో అమ్మా.” ఆమె పెన్నుకు మూత పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. (నేను చూడనేలేదు. అప్పటికే మైకుతో మాటల్లో పడ్డాను.)

ఆ ఫోనుకు తెలుగు నేర్పినవాడెవడో గానీ, మా దిక్కు ఒక్కనాడైనా బస్సు దిగిన మనిషి కాదు. ‘కొంచెం’ అనడానికి నేను ‘జర’ అంటే అది ‘జ్వరం’ అని రాసుకునేది. మెడకు జ్వరం, చేతులకు జ్వరం. వారం తిరిగేసరికి దుకాణం దవాఖాన అయింది. రిటైరైన పంతులు సారు చొక్కా కొలతలు చెప్తూ “పొట్ట కాడ జర వదులు” అన్నాను. అది “పొట్టకు జ్వరం, వద్దు” అని రాసి పంపింది. కారిగర్‌కు జ్వరం సంగతి అంతుబట్టలేదు గానీ, ‘వద్దు’ మాత్రం బాగా అర్థమైంది. సారు అద్దం ముందు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. “ఏందయ్యా గిది? గుండీలు గీడున్నయ్, కాజాలు గాడున్నయ్!” నేను నేరం నాది కాదని ఫోను చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. “నా పొట్ట నీ ఫోనుకు వద్దా? ఇన్నేండ్ల సంది సాదుకుంటున్న, ఇప్పుడు దీన్ని ఏడ ఇడిసిపెట్టి రమ్మంటవ్?” దుకాణమంతా నవ్వింది. నాకు మాత్రం రోషం వచ్చింది. మైకుకు వినబడేలా, పుస్తకాల తెలుగులో, గట్టిగా మాట్లాడాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఆ నిశ్చయమే కొంప ముంచింది.

పక్కనే ఉన్న పానగల్ నుంచి వచ్చే ఒక పిల్ల లంగా కట్టే వయసు నుంచీ మా దగ్గరే కుట్టించుకునేది. పుట్టుకతోనే ఆమెకు ఎడమ భుజం ఒకింత కిందికి. మా ఆమె ఆ సంగతి ఏనాడూ నోటితో అనలేదు. చీటీ మూలన చిన్న చుక్క పెట్టేది. చుక్క కనబడితే కారిగర్ ఆ భుజం కింద ఒక పట్టీ ఎక్కువ వేసేవాడు. అంతే, లోకానికి రెండు భుజాలూ సమానం. ఆ పిల్లకు పెళ్లి కుదిరింది. పెళ్లి జాకెట్లకు, కాబోయే ఆడబిడ్డను వెంటబెట్టుకుని వచ్చింది. నేను కొలతకు తెచ్చిన పాత జాకెట్టు బల్ల మీద పరిచి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, వార్తలు చదివినట్టు చదివాను: “ఎడమ భుజం, కుడి భుజం కంటే కొంచెం కిందికి ఉంది.”

ఆ దిక్కుమాలిన ఫోను ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం అక్షరం తప్పు లేకుండా రాసింది.

“అవునా వదినా? నేను సూడనే లేదు” అంటూ ఆడబిడ్డ ఆమె భుజం వైపు తిరిగింది. పిల్ల గుడ్డలు మడిచి సంచిలో పెట్టుకుంది. “మల్ల వస్త తాతా” అంది నా మొహం చూడకుండా.

సాయంత్రం మా ఆమెకు చెప్పాను. “నేను ఉన్న మాటే చెప్పిన. అదీ ఫోనుకు చెప్పిన.”

“ఫోనుకు చెప్పినవా, ఊరికి చెప్పినవా? గా మాట పిల్ల చెవుల పడొద్దనే గదయ్యా, నేను చుక్క పెట్టేది!”

తెల్లారి ఆమె ఒక్కతే ఆటో ఎక్కి పానగల్ పోయింది. ఏం మాట్లాడిందో చెప్పలేదు. గుడ్డలు మాత్రం తెచ్చింది. కారిగర్‌కు కూడా ఇవ్వకుండా ఇంట్లో కూర్చుని తానే కుట్టింది.

పెళ్లి ఆగలేదు. ఆడబిడ్డ పెళ్లికూతురి పక్కనే నవ్వుతూ నిలబడి ఉంది. జాకెట్టు ఎంత బాగా కుదిరిందంటే, ఎవరి కన్నూ దాని మీదికి పోవడం లేదు. అక్షింతలు వేద్దామని వేదిక ఎక్కాను. నన్ను చూడగానే ఆ పిల్ల ఎడమ భుజం మీదికి కొంగు లాక్కుంది. అక్కడ కప్పుకోవలసిందేమీ లేదు. “మంచిగ కుదిరింది బిడ్డా” అనబోయి మింగేశాను. ఏ మాటా మింగే అలవాటు లేనివాణ్ని, అదే మొదటిసారి. గబగబా దిగి భోజనాల దగ్గరికి వెళ్లాను. ఆ దిగిన పెద్దమనిషిని, అంటే నన్నే, తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది. విస్తరి ముందు కూర్చున్నాక మా ఆమె అడిగింది: “పిడికిలి ఇప్పవేందయ్యా? ఎట్ల తింటవ్?”

విప్పి చూస్తే, అక్షింతలన్నీ చేతిలోనే ఉన్నాయి.