కన్నడ నాటికకు మా పెద్దమ్మ తెలుగు

పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం కుప్పంలో, తన చెల్లెలింట్లో పోయింది. "పడుకున్నామె లేయలేదుమ్మా," అని చెల్లెలు ఫోనులో చెప్పింది. మాకు చుట్టమేమీ కాదు. పుంగనూరులో మా వీధిలో జాకెట్లు కుట్టేది. పిల్లలందరికీ పెద్దమ్మే.

ఎనభైల్లో మా వీధికంతా ఒకటే టీవీ, మిద్దింటి వాళ్లది. బెంగుళూరు నుంచి శనివారం సాయంత్రం అరగంట కార్యక్రమం వచ్చేది. ఒక పాట, కాస్త మిమిక్రీ, గారడీ, చివర్లో చిన్న హాస్య నాటిక. అంతా కన్నడం. కుప్పంలో పుట్టిన పెద్దమ్మకు అరవం, కన్నడం రెండూ వచ్చు. మెడలో టేపుతోనే వచ్చి టీవీ పక్కన కూర్చుని మాకు తెలుగులో చెప్పేది. జోకు రాగానే ముందు తను నవ్వేది. చెప్పమని మేం గోల చేస్తే, "ఉండండప్పా, నన్ను నగనీండి ముందు," అనేది.

చెనిక్కాయలు ఒలిచే కూలికి వచ్చే ఆడవాళ్లు వీధిలో నిలబడి కిటికీలోంచి చూసేవాళ్లు. ఒక శనివారం వాళ్లలో ఒకామె, చంకలో బిడ్డతో, లోపలికొచ్చి చాప అంచున కూర్చుంది. మిద్దింటి అవ్వ ఊరుకోలేదు.

"ఏమ్మే, బయట నిలబడి సూడలేవా? లోపలికి యాల వచ్చినావు?"

ఆమె బిడ్డను సర్దుకుని లేచి బయటికి పోయింది. వెనకే పెద్దమ్మా లేచింది.

"నువ్వు యాడికి? నాటకం మొదలవతాండాది!" అంది అవ్వ.

"ఈడ ఉక్కగా ఉండాదిలేమ్మా," అని బయటికెళ్లి, కిటికీ కింద అరుగు మీద ఆ ఆడవాళ్ల మధ్య కూర్చుంది పెద్దమ్మ.

నేను లేవలేదు. ముందు వరుసలో దొరికిన చోటు పోతుందని కదల్లేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాటిక మొదలైంది. బయట ఒకటే నవ్వులు. లోపల మేం అర్థంకాక బొమ్మలు చూస్తున్నాం. అందరికంటే ముందు అవ్వకే ఓపిక పోయింది.

"కొంచెం గట్టిగా సెప్పు!" అని అరిచింది.

"నా గొంతు అంత దూరం రాదమ్మా. మీరే ఈడికి రాండి."

ఆ రోజు ఎవరూ కదల్లేదు. మరుసటి శనివారం మిద్దింటాయన టీవీ తెచ్చి వరండాలో వీధివైపు తిప్పి పెట్టాడు. అవ్వ కుర్చీ కూడా తెచ్చాడు.

కొన్నేళ్లకు తెలుగు కార్యక్రమాలొచ్చాయి, ఇంటింటికీ టీవీ వచ్చింది. పెద్దమ్మ చెప్పాల్సిన పని లేకపోయింది. పోయినేడు ఆమెను చూడ్డానికి కుప్పం వెళ్లినప్పుడు, ఆ రోజు ఎందుకు లేచావని అడిగాను.

"అవ్వ మీద కోపమేం లేదుమ్మా. వాళ్లు కిటికీ కాడ నిలబడి, మీరు నగేది సూసి నగతా ఉండ్రి. నేను సెప్పేది వాళ్లకు ఇనపళ్లేదు. అంతే."

వరండాలో ఆ మొదటి శనివారం నాకు బాగా గుర్తు. మెట్ల మీద, వీధిలో, ఎదురింటి అరుగు మీద జనం. అందరికీ వినపడాలని పెద్దమ్మ మావైపు తిరిగి నిలబడింది. టీవీ ఆమె వెనక ఆడుతోంది. కన్నడం చెవితో పట్టి, తెలుగు మాకిస్తోంది. ఆ అరగంటా ఆమె చూసింది మా ముఖాలనే.