మిద్దెమీది తీతువు పిల్లలు

మా మిద్దె వానకు కారుతుంది. ఈ ఎండాకాలంలోనైనా బాగు చేయించాలని మేస్త్రీని మాట్లాడుకున్నాను. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకరను నేను పారేయనివ్వలేదు, మిద్దెమీదే ఒక మూల పోయించి ఉంచాను. ఇప్పుడు పనికొస్తుంది గదా అని దాన్ని ఎత్తబోతే, తీతువు పిట్ట అరుచుకుంటూ నా తలమీదికి దూకింది. చూస్తే కంకర మధ్యలో, కంకర రంగులోనే, నాలుగు గుడ్లు. మా ఊరు కాడుగోడిలో బయళ్లన్నీ ఇళ్లయిపోయాక వాటికి మిద్దెలే మిగిలినట్టున్నాయి.

"ఇంటిమీద తీతువు కూస్తే మంచిది కాదంటారత్తా. మెల్లగా తీసి ఎదురు ఖాళీ సైట్లో పెట్టేద్దామా?" అంది కోడలు.

నాకూ అదే సబబనిపించింది. అయినా ఒక మాట అడుగుదామని పక్షుల్నీ జంతువుల్నీ కాపాడేవాళ్లకు ఫోను చేయించాను. ఆంధ్రా నుంచి ఇక్కడికి పనికొచ్చిన పిల్ల ఎత్తింది, తెలుగులోనే మాట్లాడింది.

"ఆంటీ, ప్లీజ్, టచ్ చేయకండి. ఎగ్స్ తీసినా, గూడు కదిలించినా చట్టప్రకారం నేరం. ఫుడ్ కూడా పెట్టొద్దు. పిల్లలు పుట్టిన ఒకటి రెండు రోజుల్లో అవే కిందికి దూకేస్తాయి."

"రెక్కలు రాకుండానా?"

"రాకుండానే ఆంటీ."

నాకు నమ్మకం కుదరలేదు. మేస్త్రీని మాత్రం ఆగమన్నాను. మిద్దెమీదికి ఎవరినీ ఎక్కనివ్వలేదు. ఎదురు ఖాళీ సైటు ఓనరు గడ్డికి నిప్పు పెట్టబోతే, "మా మిద్దెమీద పుట్టబోయే పిట్టపిల్లలకు పురుగూ పుట్రా దొరికేది ఆడనే గదప్పా, కొన్నాళ్లు తాళు" అని ఆపాను.

ఒక పొద్దున పిట్టలు ఊరంతా వినేట్టు అరవసాగాయి. మెట్ల తలుపు సందులోంచి చూశాను. పుల్లల్లాంటి కాళ్లతో దూది ఉండలు నాలుగు, పిట్టగోడ వెంబడి ఆ కొసకూ ఈ కొసకూ పరుగెత్తుతున్నాయి. తల్లీ తండ్రీ ఎదురు సైట్లోంచి పిలుస్తున్నాయి. గోడ నా నడుమెత్తుంది, అవి దాటలేవు. ఎండ ఎక్కుతోంది. మళ్లీ ఫోను చేశాం.

"ఎక్కువసేపు ఎండలో ఉంటే చచ్చిపోతాయి ఆంటీ. నీళ్లు పోయే హోల్ ఉందా?"

"తూము ఉండాది. ఎలుకలు రాకుండా జల్లెడ కొట్టించినాను."

"అది తీసేసి, కింద మెత్తటిది ఏదైనా పట్టుకోండి. పిల్లల్ని మాత్రం చేత్తో పట్టుకోవద్దు."

కోడలు తలమీద సత్తు బేసిను బోర్లించుకొని పైకి పోయింది. ఆ బేసినుమీద పిట్ట టంగుమని కొట్టడం నాకు కింద వినిపించింది. జల్లెడ ఊడదీసి కిందికి దిగివచ్చింది. నా పాత నూలు చీర మడత పెట్టి ఇద్దరం తూము కింద చెరో కొస పట్టుకున్నాం.

మొదటి పిల్ల తూములోంచి తొంగి చూసింది, దూకింది. చీరలో దొర్లి, లేచి, విదిలించుకుంది. చీర నేలకు దించగానే రోడ్డు దాటి గడ్డిలో దూరింది. వెంటనే రెండోది. దాని వెనకే మూడోది. నా గుండె చిన్నపిల్లలా గంతులేస్తోంది.

అంతలో ఒక ఆటో వచ్చింది. అవ్వను కన్నడంలో అజ్జీ అంటారు, ఆటో అతను నన్ను అట్లనే పిలిచాడు.

"ఏనజ్జీ, రోడ్డుమీదనా చీర ఆరేసేది?"

"ఇంజను ఆపప్పా. పిల్లలు దాటతా ఉండాయి."

అతను ఇంజను ఆపి, దిగి, వెనక వచ్చే బండ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

నాలుగోది మాత్రం రాలేదు. తల్లి పిట్టగోడ మీద వాలి పిలిచింది. లోపలి నుంచి సన్నగా కీచుమంటోందే గాని బయటికి రాదు. ఎండ మా తలలమీదికి వచ్చింది.

"పోయి రవ్వంత తోసేదా అత్తా?"

"ముట్టుకోవద్దని చెప్పింది గదా. చీర దించొద్దు."

చేతులు లాగేస్తున్నాయి. ఉన్నట్టుండి అది ఎంత జోరుగా దూకిందంటే, చీర దాటిపోయి మట్టిలో పడింది. కదలలేదు. కోడలు కళ్లు మూసుకుంది. ఎత్తుకుందామని నా చేయి ముందుకు పోయింది. వెనక్కి లాక్కున్నాను.

అది లేచింది. మా వైపు చూడనైనా చూడకుండా ఆటో చక్రాల ముందునుంచి పరుగెత్తి గడ్డిలో కలిసిపోయింది. తల్లి దాని వెనకే వాలి, అరుపు ఆపేసింది.

"నాలుగూనా అజ్జీ?" అన్నాడు ఆటో అతను.

"నాలుగూ దాటినాయప్పా" అన్నాను. నా చేతులింకా ఆ చీర కొసను వదల్లేదు.